బీదల సేవకుడి ఇల్లు

ఆ ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అమ్మ, నాన్న, వెర్నా అక్క, నేను; మా ఇంటిని ఆనుకుని కట్టిన చిన్న ఇంట్లోంచి వచ్చి పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్న నాన్నమ్మ; టోపీ మోకాలి మీద బోర్లించుకుని బల్ల చివర కూర్చున్న ఇమ్మానుయేలు గారు. ఆయన గుర్రాన్ని బగ్గీ నుంచి విప్పకుండానే కంచెకు కట్టి వచ్చాడు. ఎక్కువసేపు కూర్చోవడానికి రాలేదన్నమాట. అమ్మ కాఫీ పోసింది. ఎవరూ తాగలేదు.

కరెంటూ కార్లూ వద్దనుకుని పాత పద్ధతిలో బతికే మా ఆమిష్ సంఘంలో నడిపించే వాళ్లందరినీ సేవకులనే అంటాం. బాప్తిస్మాలు ఇచ్చి పెళ్లిళ్లు చేసే ఇమ్మానుయేలు గారు పెద్ద సేవకుడు. ప్రసంగం చేసేవాళ్లు వాక్య సేవకులు. లేనివాళ్ల ఇంటికి సంఘం సాయం చేర్చేవాడు, తప్పు చేసినవాళ్ల గుమ్మంలో నిలబడి అడగాల్సినవాడు బీదల సేవకుడు. ఎవరికీ జీతం లేదు, ఆ పనికి చదువూ లేదు. సంఘంలో అందరూ ఒకరి తర్వాత ఒకరు తలుపు సందు దగ్గరికి వెళ్లి, అవతల కూర్చున్న సేవకుడికి ఒక పేరు గుసగుసగా చెబుతారు. తగినన్ని గొంతుల్లో పేరు వినిపించిన మగవాళ్ల ముందు కీర్తనల పుస్తకాలు పెడతారు. ఎవరు తీసుకున్న పుస్తకంలో చీటీ ఉంటే వాడు చచ్చేదాకా సేవకుడు. కాదనే వీలు లేదు. పోయిన ఏప్రిల్‌లో ఆ చీటీ మా నాన్న పుస్తకంలో ఉంది. ఆయన బీదల సేవకుడయ్యాడు.

నాన్న నాలాంటివాడు. నలుగురిలో నోరు పెగలదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం అందరి ముందూ నిలబడి వాక్యం చదవాలి. ఆయన చేతిలో పుస్తకం వణకడం వెనక బెంచీలో కూర్చున్న నాకు కూడా కనిపించేది. అంతకు ముందు ఆయన గుర్రాలతో మాట్లాడేవాడు. డాలీ అనే మా ముసలి గుర్రాన్ని బండికి కట్టడానికి వెనక్కి నడిపించేటప్పుడు, "వెనక్కి, తల్లీ, మెల్లగా" అని గొంతు బాగా తగ్గించి అనేవాడు, పసిపిల్లను జోకొడుతున్నట్టు. నేను అవతల ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతూ ఆ మాట కోసం చెవి పెట్టేదాన్ని. ఏప్రిల్ తర్వాత అది వినపడలేదు. జూన్‌లో ఆయన తన ప్రాణస్నేహితుడు ఆట్లీ ఇంటికి వెళ్లి, సంఘం కట్టుబాటు దాటి కొట్టంలో పెట్టించుకున్న టెలిఫోను తీసేయమని చెప్పాల్సి వచ్చింది. ఆట్లీ మారుమాట లేకుండా తీసేశాడు. మళ్లీ మా పొలం వైపు రాలేదు.

ఆ ఆదివారం సంఘంలో ఒప్పుదల కూడిక జరిగింది. ప్రభు భోజనానికి రెండు వారాల ముందు పెట్టే కూడిక అది. దేవునితోనూ సంఘంతోనూ సమాధానంగా ఉన్నారా అని ఒక్కొక్కరినీ అడుగుతారు. ఒక్కరు లేమన్నా రొట్టె విరవడం ఆగిపోతుంది, అందరికీ. నాకింకా బాప్తిస్మం కాలేదు కాబట్టి నేను లోపల లేను. నాన్నమ్మ వంతు వచ్చినప్పుడు, నాకొక మాట ఉంది, అది యూరా ఇంట్లో చెబుతాను అన్నదట. యూరా మా నాన్న పేరు. ఆ మాట వినడానికే పెద్ద సేవకుడు వచ్చాడు.

నాన్నమ్మ చేతికర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

"ఏప్రిల్‌లో తలుపు దగ్గర నేను చెప్పిన పేరు యూరాది," అంది.

ఎవరి పేరు చెప్పామో ఎన్నటికీ బయటపెట్టకూడదు. వెర్నా అక్క గిన్నె తుడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఆత్మ చెప్పమంది కాబట్టి చెప్పింది కాదు అది, ఇమ్మానుయేలూ. మా ఆయన ముందు రెండుసార్లు పుస్తకం పెట్టారు. రెండుసార్లూ చీటీ పక్కవాడికి పోయింది. మా ఇంట్లోంచి ఒక్కడు సేవకులు కూర్చునే ముందు బెంచీలో కూర్చుంటే చూడాలనిపించింది. అంతే."

"గర్వమంటావా?" అన్నాడాయన నెమ్మదిగా.

"ఇంకేం పేరుంది దానికి, నువ్వే చెప్పు. దీన్ని కడుపులో పెట్టుకుని నేను రొట్టె తినలేను."

 ఆమె ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను ఒప్పుకుంది కాబట్టి సంఘం వైపు నుంచి ఇంకేమీ అడగమని, చీటీ మాత్రం దేవుడిది, అది మారదని పెద్ద సేవకుడు చెప్పాడు. నాన్న నేల మీద చెక్కల సందులు చూస్తున్నాడు. ఏప్రిల్‌లో మోసుకొచ్చిన బరువు ఎవరు ఎత్తి పెట్టారో ఇప్పుడు తెలిసినా, దింపుకునే దారి లేదు. ఆయన మొహంలో నాకు అది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

అమ్మ అడిగింది. "ఎన్ని గొంతులు వచ్చాయి ఈయనకు?"

"అది చెప్పేది కాదు, మలిందా."

"ఒక్కటి తగ్గితే ఈయన ముందు పుస్తకం పెట్టేవాళ్లా?"

ఇమ్మానుయేలు గారు మోకాలి మీది టోపీని ఒక చుట్టు తిప్పాడు. "చీటీ పెట్టింది దేవుడమ్మా," అన్నాడు.

"పుస్తకం పెట్టించింది ఈవిడ."

అమ్మ అంతకు ముందెప్పుడూ నాన్నమ్మను 'ఈవిడ' అనలేదు.

వెళ్తూ పెద్ద సేవకుడు గుమ్మంలో ఆగి, నాన్నతో మాట్లాడాడు. సేవకుడి ఇంట్లోనే సమాధానం లేకపోతే తాను రొట్టె ముట్టుకోనని, సంఘంలో ప్రతి ఇల్లూ ఆగాల్సి వస్తుందని అన్నాడు. ఇద్దరి మధ్య నిలబడి అడగడం బీదల సేవకుడి పని, ఆ ఇద్దరూ ఒకరు తల్లి ఒకరు భార్య అయినా సరే. కుదరకపోతే ఆ సంగతి అందరి ముందూ లేచి చెప్పాల్సిందీ ఆయనే. నాన్న తల ఊపాడు. నేను మాత్రం ఆ దృశ్యం అప్పుడే చూసేశాను: నాన్న ముందు బెంచీలోంచి లేచి, పుస్తకం కూడా లేని ఉత్త చేతులతో, అమ్మ పేరు చెప్పడం.

నేను రోజూ డైరీ రాస్తాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏ పచ్చడి పట్టాం, ఇలాంటివి. ఆ రోజు 'ఇమ్మానుయేలు గారు వచ్చారు, చలిగా ఉంది' అని రాసి ఆపేశాను. మిగిలింది రాయడానికి చేయి రాలేదు.

నాన్నమ్మకు షుగరు. ఎడమ మడమ మీద పుండు మానీ మానకుండా ఉంటుంది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం అమ్మ ఆమె కాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి కడిగి, తుడిచి, మందు రాసి కట్టు కడుతుంది. ఆ ఆదివారం తర్వాత అమ్మ నాన్నమ్మతో మాట్లాడటం మానేసింది. కాలు కడగడం మానలేదు.

సోమవారం సాయంత్రం ఎప్పట్లాగే పీట వేసుకుని ఆమె ముందు కూర్చుంది. నేను లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"లొవీనా, కాలు ఎత్తమని చెప్పు," అంది అమ్మ.

ఇద్దరి మధ్య జానెడు దూరం ఉంది. "నాన్నమ్మా, కాలు ఎత్తమంటోంది," అన్నాను.

"నాకింకా చెవుడు రాలేదని చెప్పు."

"చెవుడు రాలేదంట."

"నీళ్లు కాలుతున్నాయేమో అడుగు."

"సరిపోయాయని చెప్పు. సబ్బు మాత్రం తగ్గించమను. అది కాలే గాని పాలక్యాను కాదు."

నాకు నవ్వు రాబోయింది. అమ్మ మొహం చూసి మింగేశాను. కోపంలో ఉన్న చేయి గట్టిగా రుద్దుతుందనుకున్నాను. అమ్మ రుద్దలేదు. ఎప్పటిలాగే ఒక్కో వేలి మధ్యా మెత్తటి గుడ్డ పెట్టి, ఒత్తి, తడి పోయేదాకా తుడిచింది. పుండు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టింది. ఇంత బాగా చూసుకుంటూ కూడా మనిషి మొహం చూడకుండా ఉండగలరని నాకు అప్పుడే తెలిసింది. తిట్టుకుని ఉంటే నాకు అంత భయమేసేది కాదు.

పడుకునే ముందు జడ విప్పుకుంటూ అక్కను అడిగాను, ప్రభు భోజనం రోజు లోపల ఏం చేస్తారని.

"నీకెందుకే. బాప్తిస్మం కానిదానివి. పిల్లలతో కలిసి బయట కూర్చుని కుకీలు తిను," అంది. కానీ చెప్పింది. రొట్టె, ద్రాక్షరసం అయ్యాక మగవాళ్లు ఒక గదిలో, ఆడవాళ్లు ఒక గదిలో జోడు విప్పి ఇద్దరిద్దరుగా ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. కడిగాక నిలబడి, చేతులు పట్టుకుని, ముద్దు పెట్టుకుని, ప్రభువు మనతో ఉండుగాక అని ఒకరంటే, సమాధానంతో ఆమేన్ అని రెండోవాళ్లు అంటారు. వయసు ప్రకారం కూర్చుంటారు. ఎదురొచ్చినవాళ్లతో కడగాలి గాని మనిషిని ఎంచుకోకూడదు.

"అయితే అమ్మకూ నాన్నమ్మకూ వంతే రాదుగా," అన్నాను. "నాన్నమ్మ మొదటి బెంచీ, అమ్మ నాలుగోది."

"రాదు. వస్తే చేయగలవా అని అడుగుతారు."

"అమ్మ ఏమంటుంది?"

అక్క దువ్వెన బల్ల మీద పెట్టింది. "అమ్మకు అబద్ధం చెప్పడం రాదు," అంది.

తర్వాతి వారం మధ్యలో ఒక సాయంత్రం నాన్న పాలు పితకడం ముగించి, చేతులు కడుక్కుని, ఆదివారం వేసుకునే నల్ల కోటు తొడుక్కున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. వెనక తలుపులోంచి బయటికి వెళ్లాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు. కాసేపటికి ముందు తలుపు మీద ఎవరో తట్టారు.

మా ముందు తలుపు కూడికలకూ చావులకూ తప్ప తీయం. అమ్మ పిండి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుని వెళ్లి తీసింది. బయట వాక్య సేవకుడు రోమన్ గారు, ఆయన పక్కన నాన్న.

సంఘం తరఫున అడగడానికి వెళ్తే ఒక్కరే వెళ్లకూడదు, వెనక గుమ్మంలోంచి వెళ్లకూడదు. నాన్నకు ఆ పద్ధతి తన ఇంటి దగ్గర వదిలేయడం తెలియలేదు. తెలిసినా వదిలేవాడు కాదేమో.

"రండి సోదరులారా," అంది అమ్మ.

నాన్న గోనెపట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. ఆ పట్టా మీద ఆయన అంత శ్రద్ధగా కాళ్లు తుడుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మలిందా, నువ్వు కాల్చిన ఆపిల్ పై వాసన రోడ్డు మలుపు దాకా వస్తోందమ్మా. దానికోసమే వచ్చామనుకో," అన్నాడు రోమన్ గారు. ఆయన ఎవరింట్లోనైనా మొదట నవ్విస్తాడు. అమ్మ కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నాడు. నాన్న కూర్చోలేదు. అక్కా నేనూ పొయ్యి దగ్గరే ఉండిపోయాం. వెళ్లమని ఎవరూ అనలేదు, అనడం ఎవరికీ గుర్తు రాలేదు.

"సోదరీ," అన్నాడు నాన్న. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "సోదరీ, సంఘం పంపితే వచ్చాం. నీకూ సోదరి సలోమాకూ మధ్య..."

సలోమా మా నాన్నమ్మ. ఆయన్ను కన్నతల్లి. ఆ పేరు దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఆవిడకు మూడు పూటలా వండి పెడుతున్నాను," అంది అమ్మ. "బట్టలు ఉతుకుతున్నాను. కాలు కడుగుతున్నాను. చేయనిది ఏముందో చెప్పండి. చేస్తాను."

"చేసేదాని గురించి కాదమ్మా," అన్నాడు రోమన్ గారు. ఈసారి ఆయన నవ్వలేదు.

నాన్న టోపీ అంచు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. "వంతు వస్తే, ముద్దు పెట్టి సమాధానం చెప్పగలవా?"

 అవతలి ఇంట్లోకి వెళ్లే తలుపు కొంచెం తెరిచి ఉంది. నాన్నమ్మ చేతికర్ర చప్పుడు వినపడలేదు గాని, ఆమె అక్కడే ఉందని అందరికీ తెలుసు.

"కాళ్లు కడుగుతాను. నేల మీద కూర్చుని, ఎంతసేపైనా. ముద్దు పెట్టలేను."

"అయితే ఆ మాట నేను అక్కడ చెప్పాలి."

"చెప్పు. అదేగా నీకిచ్చిన పని." అమ్మ నాన్నను మొదటిసారి సూటిగా చూసింది. "నా మనిషిని నన్నడక్కుండా పట్టుకెళ్లి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఆయన ఇవాళ సొంత ఇంటికొచ్చి తలుపు తడుతున్నాడు."

రోమన్ గారు లేచాడు. ఆపిల్ పై సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ ముందు తలుపులోంచే వెళ్లారు. బగ్గీ చక్రాల చప్పుడు దూరమయ్యాక నాన్న వెనక తలుపులోంచి వచ్చి, టోపీ మేకుకు తగిలించి, తన చోట కూర్చున్నాడు. అమ్మ ఆయనకు ఆపిల్ పైలో పెద్ద ముక్క కోసి పెట్టింది. ఆయన మొత్తం తిన్నాడు. 

ఆ అక్టోబర్‌లో కూడిక మా ఇంట్లోనే జరగాలి. వేసవిలోనే వంతు ఖాయమైంది. గురువారం బెంచీల బండి వచ్చి కొట్టం పక్కన ఆగింది. ఎవరి ఇంట్లో సమాధానం లేదో ఆ ఇంట్లోనే అందరూ కూర్చోబోతున్నారు. శనివారం సాయంత్రంలోపు నాన్న పెద్ద సేవకుడికి సంగతి చెప్పాలి.

శుక్రవారం ఉదయం నాన్నకు కబురొచ్చింది. వాగు అవతల ఉండే విధవరాలి ఇంటి పైకప్పు గాలికి లేచిపోయిందట. బీదల సేవకుడు వెళ్లాలి, మనుషుల్ని పోగుచేయాలి. మొక్కజొన్న ఇంకా చేలోనే ఉంది. గాలికి పడిపోయిన సాళ్లు మిషనుకు అందవు, చేత్తో కోయాలి. వేరే ఏ ఏడాదైనా ఆట్లీ అడక్కుండానే వచ్చేవాడు. మబ్బు పడుతోందని అమ్మ కోత కత్తి తీసుకుని చేలోకి దిగింది. నేను వెనక కట్టలు కడుతూ వెళ్లాను.

అమ్మ ఆగకుండా కోసింది. చివరి సాలులో కత్తి తడి కాడ మీద జారి ఆమె కుడి అరచేతిని కోసేసింది. అమ్మ అరవలేదు. చేతిని పొట్టకు అదుముకుని, "నీ ఏప్రాన్ ఇవ్వు," అంది. అక్క పరుగెత్తి మా సంఘం కాని, కారున్న పొరుగాయనను పిలుచుకొచ్చింది. ఆయన పట్నం తీసుకెళ్లి కుట్లు వేయించి, మధ్యాహ్నం తిరిగేలోపే దింపి వెళ్లాడు. చేయి దూదిముద్దలా చుట్టి ఉంది. తడి తగలనివ్వద్దన్నారట.

అమ్మ వంటింట్లో కుర్చీలో కూర్చుంది. బూట్లు చేలో మట్టితో చీలమండల దాకా గట్టిపడి ఉన్నాయి. ఎడమ చేత్తో తాళ్లు విప్పబోయింది. ముడి తడిసి బిగుసుకుపోయింది. అక్క వంగబోతే, "నేను చూసుకుంటా, మీ పని చూడండి," అంది. అమ్మకు జ్వరం వచ్చినా అంతే, ఎవరినీ చేయి వేయనివ్వదు.

అవతలి తలుపు తీసుకుని నాన్నమ్మ వచ్చింది. చేతినీ, బూట్లనీ చూసింది. "లొవీనా, నీళ్లు పెట్టు," అంది.

"ఏం అక్కర్లేదని చెప్పు," అంది అమ్మ నాతో.

నేను ఆ మాట మోసేదాకా నాన్నమ్మ ఆగలేదు. చేతికర్రను బల్లకు ఆనించి, బల్ల అంచు పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆమె నేల మీద కూర్చోవడం నాకు ఊహ తెలిశాక చూడలేదు. ఒక మోకాలు వంచింది, ఆగింది, మూలిగింది, రెండోది వంచింది. కట్టు కట్టిన మడమ పక్కకు తిరిగిపోయింది. నాన్నమ్మ వంగి, అమ్మ బూటు ముడి మీద గోళ్లు పెట్టింది.

అమ్మ కాలు కుర్చీ కిందికి లాక్కుంది. "వద్దత్తయ్యా."

ఆ ఆదివారం తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నీకు చేయడమే వచ్చు, మలిందా. ఒకళ్లు చేస్తే ఓర్చుకోవడం రాదు."

"మీరు మళ్లీ లేవలేరు."

"లేవలేకపోతే ఇక్కడే ఉంటా. నాకేం చేను కోత మిగిలిందా."

వాన మొదలైంది. రేకుల మీద మొదట ఒకటీ అరా చినుకులు, తర్వాత ఒకటే హోరు. నేను నీళ్ల బకెట్ పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాన్నమ్మ చేయి చాపి అలాగే ఉంచింది.  అమ్మ కిటికీ వైపు చూస్తోంది. అద్దం నిండా నీళ్లు తప్ప చూడటానికి అక్కడ ఏమీ లేదు.

చాలాసేపటికి కాలు కుర్చీ కిందినుంచి ముందుకు వచ్చింది.

నాన్నమ్మకు ఆ పని సరిగా రాలేదు. ముడి విప్పడానికే ఎంతో సేపు పట్టింది. మేజోడు లాగుతూ తూలింది. నీళ్లు సగం నేల మీద పోసింది. వేళ్ల మధ్య మట్టి అలాగే వదిలేసింది. తన ఏప్రాన్ కొంగుతో తుడిచింది. అమ్మ ఒక్కసారి కూడా, అలా కాదు ఇలా అనలేదు. రెండో కాలు తనే ముందుకు పెట్టింది.

లేవలేకపోయింది నాన్నమ్మ, అమ్మ చెప్పినట్టే. నేను వంగబోతే అమ్మ, "ఉండు," అని, ఎడమ చేతిని ఆమె చంక కిందుగా వేసి ఎత్తింది. ఇద్దరూ లేచి నిలబడి, కాసేపు ఒకరినొకరు పట్టుకునే ఉన్నారు. ఏ ఒక్కరు వదిలినా ఇద్దరూ పడిపోయేలా ఉన్నారు. నాన్నమ్మ తెల్ల టోపీ పక్కకు జరిగింది. అమ్మ దాన్ని బాగున్న చేత్తో సరిచేసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. అంతే. ముద్దు లేదు, మాట లేదు.

"నా కాలు ఇవాళ ఎవరు చూస్తారు?" అంది నాన్నమ్మ.

"లొవీనా చూస్తుంది. నేను పక్కనుండి చెబుతాను." అమ్మ నా వైపు తిరిగింది. "వేళ్ల మధ్య తడి ఉండకూడదు. ఒత్తాలి, రుద్దకూడదు."

నాన్న వచ్చేసరికి నేను కట్టు కడుతున్నాను. ఆయన కోటు మీంచి వాన నీళ్లు కారుతున్నాయి. తడిసిన నేలను చూశాడు, అమ్మ ఉత్త పాదాలను చూశాడు, కట్టు కట్టిన చేతిని చూశాడు. చేతి సంగతి అక్క చెప్పింది. ఆయన అమ్మ దగ్గరికి వచ్చి ఆ చేతిని కిందినుంచి పట్టుకుని, బరువు చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"ఇమ్మానుయేలు గారితో చెప్పు, ఎల్లుండి రొట్టె విరవమని," అంది అమ్మ.

"నేను అడగాలి కదా, మలిందా."

"అడగకు. వచ్చి చూడు."

శనివారం ఆయన వెళ్లి ఏం చెప్పాడో నాకు తెలియదు. తిరిగొచ్చి కొట్టంలో చాలాసేపు ఉండిపోయాడు. భోజనం దగ్గర అమ్మ మొహం చూడటం, చూపు తిప్పుకోవడం. అమ్మ ఎడమ చేత్తో చూపిస్తుంటే అక్క రొట్టె పిండి పిసికింది. కాళ్లు కడిగే రోజు కోసం బీదల సేవకుడి ఇంట్లోనే ఉంచే సంఘం తువ్వాళ్లన్నీ నేను మడతలు పెట్టాను. నాన్నమ్మ తన ఇంట్లోంచి బయటికి రాలేదు. అమ్మ ఆమెతో మాట్లాడిందా అంటే, అన్నం పెట్టేటప్పుడు ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందని ఆమె చెప్పింది. నేను మధ్యలో లేను.

ఆదివారం తెల్లవారేసరికి బగ్గీలు రావడం మొదలైంది. గదుల మధ్య చెక్క గోడలు తీసేసి బెంచీలు వేశారు. ప్రసంగాలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాటేదాకా నడిచాయి. బాప్తిస్మం కాని మేము ఆ పూట లోపల ఉండం. చిన్నపిల్లలు కొట్టంలో ఆడుకుంటున్నారు. నేను ఉతుకుల గదిలో రాగి కాగు కింద మంట చూస్తూ కూర్చున్నాను. నీళ్లు వేడెక్కాలి, కాలకూడదు. లోపల పాట ఆగింది. పెద్ద సేవకుడి గొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాన్న లేచి నిలబడి ఉంటాడేమోనని, చేతిలోని కట్టెను మంటలో పెట్టకుండా పట్టుకునే ఉండిపోయాను. తర్వాత పాట మళ్లీ మొదలైంది. రొట్టె విరిచారన్నమాట.

రెండు బకెట్లు నింపుకుని వంటింటి తలుపు దగ్గరికి తీసుకెళ్లాను. ఆడవాళ్లు కాళ్లు కడుక్కునేది ఆ గదిలోనే. తలుపు లోపలివైపు నాన్న నిలబడి ఉన్నాడు. నీళ్లూ తువ్వాళ్లూ అందించడం ఆయన పనే.

ఆయన భుజం పక్కనుంచి లోపలికి కనిపించింది. అందరూ తలలు వంచి బూట్లు విప్పుకుంటున్నారు. మొదటి బెంచీలో పొయ్యి పక్కగా నాన్నమ్మ. ఆమె పక్కన ఉండాల్సింది రోమన్ గారి తల్లి. ఆ ముసలావిడ కొంచెం జరిగి చోటిచ్చింది. నాలుగో బెంచీలో ఉండాల్సిన అమ్మ ఆ చోట్లో కూర్చుని ఉంది. మనిషిని ఎంచుకోకూడదు. అది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వెనక బెంచీల్లో పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు గాని ఎవరూ పుస్తకాల్లోకి చూడటం లేదు.

కట్టుతో తెల్లగా ఉన్న కుడి చేతిని అమ్మ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ చేత్తో ఆమె ఎవరి కాళ్లూ కడిగే వీలు లేదు. ఎడమ చేత్తో మెల్లగా తన మేజోడు కిందికి చుట్టుకుంటోంది.

నాన్న వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. బకెట్ పట్టుకోబోయిన చేయి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత రెండు బకెట్లూ నా చేతుల్లోంచి తీసుకుని, లోపల వాళ్ల ముందు పెట్టి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఒక కాలు గడప మీద ఉంది. చివరిదాకా చూడాలని ఉంది నాకు. వాళ్లు లేచి నిలబడేదాకా.

బాప్తిస్మం లేనిదానివి, ఇక్కడ ఉండకూడదు అని ఆయన చెప్పాలి. సేవకుడిగా అది చెప్పాల్సినవాడు ఆయనే. ఆయన వంగాడు. ఏప్రిల్ తర్వాత నేను వినని గొంతు అది.

"వెనక్కి, తల్లీ," అన్నాడు. "మెల్లగా."

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. ఆయన తలుపు మూశాడు.